గాలికి కళ్లెం వేసిన పొయ్యి

డిఫయంట్ అనే అమెరికా కట్టెల పొయ్యిని అందరూ ముందు నుంచే చూస్తారు. రెండు రెక్కల తలుపులు, అంచుల వెంట తీరుగా తేలిన పోత పని, తలుపులు బార్లా తీస్తే ఎదురుగా మంట. ఫొటోలన్నీ ఆ వైపు నుంచే తీస్తారు. నాకు మాత్రం దాని వెనక భాగమంటేనే ఇష్టం. చల్లారి ఉన్నప్పుడు గోడకూ పొయ్యికీ మధ్య నేల మీద చతికిలబడి టార్చి వేసి చూస్తే, అక్కడ చెప్పుకోదగ్గవి మూడే మూడు వస్తువులు. చుట్టలు చుట్టిన ఒక లోహపు పట్టీ, దాని కొస నుంచి కిందికి వేలాడే సన్నని గొలుసు, ఆ గొలుసు చివర మడతబందు మీద లేచి పడే ఇనుప మూత. ఆ మూత చాటునే పొయ్యిలోకి గాలి పోయే దారి ఉంది. కరెంటు తీగ లేదు, మోటారు లేదు, చిప్పు లేదు. రాత్రంతా ఇంట్లోవాళ్లు నిద్రపోతుంటే మంటను కనిపెట్టుకుని ఉండేవి ఈ మూడే.

పని ఇలా సాగుతుంది. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు మీట తిప్పితే గొలుసు బిగుస్తుంది, మూత లేస్తుంది, గాలి ధారాళంగా లోపలికి పోతుంది. కట్టెలు అంటుకుంటాయి, వెనక పలక వేడెక్కుతుంది. ఆ సెగకు చుట్ట మెల్లగా మెలి తిరుగుతుంది. తిరిగిన కొద్దీ గొలుసు వదులవుతుంది, మూత తన బరువుకు తానే దిగుతుంది. గాలి తగ్గి మంట నెమ్మదిస్తుంది. కట్టెలు కాలి సెగ తగ్గితే చుట్ట మళ్లీ వెనక్కి తిరిగి మూతను కొద్దిగా ఎత్తుతుంది. ఇంటివాళ్లు చేయాల్సిందల్లా సాయంత్రం మీటను ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడమే.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది గొలుసు. చుట్టకూ మూతకూ మధ్య గట్టి కడ్డీ పెట్టి ఉంటే పని ఇంకా సులువయ్యేది. పెట్టలేదు. గొలుసు లాగగలదు గానీ తోయలేదు. అది తెగిందనుకోండి, మూత టపీమని పడిపోతుంది, మంట దిగిపోతుంది, ఇల్లు కాస్త చల్లబడుతుంది. అంతకు మించి జరిగేదేమీ లేదు. చెడిపోతే ఏ వైపు చెడిపోవాలో ముందే ఆలోచించి పెట్టిన వస్తువు ఇది. లిఫ్టుకు బ్రేకులు పెట్టేవాళ్లూ, రైలు సిగ్నళ్లు కట్టేవాళ్లూ ఇలాగే ఆలోచిస్తారు. కట్టెల పొయ్యికి అంత దూరం ఆలోచించిన వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది.

ఆ పొయ్యి పుట్టిన కాలం కూడా ముందుచూపు తప్పనిసరైనదే. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పీపా 3 డాలర్ల దగ్గరున్న ముడి చమురు కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి చేరింది. ఈశాన్య అమెరికాలో చాలా ఇళ్లు చలికాలం వెళ్లదీసేది చమురు కాల్చే ఫర్నేసులతోనే. చుట్టూ అడవులున్న వెర్మాంట్ లాంటి రాష్ట్రంలో జనం తాతల నాటి కట్టెల పొయ్యిల వైపు చూశారు. దొరికిన పాతవేమో సందులు పడిపోయినవి, మంచివేమో నార్వే, డెన్మార్కుల నుంచి రావాలి. ఆ సమయంలో డంకన్ సైమ్, మరే హోవెల్ అనే ఇద్దరు కలిసి 1975లో వెర్మాంట్ క్యాస్టింగ్స్ అనే సంస్థ పెట్టి డిఫయంట్ తెచ్చారు. సైమ్ వాస్తుశిల్పం చదివినవాడు. తర్వాత కొన్నేళ్లకే ర్యాండాల్ఫ్ అనే చిన్న ఊళ్లో సొంత పోత కార్ఖానా కూడా నిలబెట్టారు. విజిలెంట్, రిజొల్యూట్, ఇంట్రెపిడ్ అంటూ ఇదే వంశంలో మరికొన్ని పొయ్యిలు వచ్చాయి. న్యూ ఇంగ్లండ్ ఇళ్లలో అవి ఇప్పటికీ వందల కొద్దీ వెలుగుతూనే ఉన్నాయి.

మన పల్లెల కట్టెల పొయ్యి ఎరిగినవాళ్లకు ఇక్కడ ఒక మెలిక అర్థం కావాలి. మన పొయ్యి మీద అన్నం పొంగొస్తే అమ్మ కట్టెను వెనక్కి లాగుతుంది, చాలకపోతే ముందుకు ఎగదోస్తుంది. మంట అదుపు కట్టె చేతిలో ఉంటుంది. గాలి చుట్టూరా ఉచితం, దాన్ని ఆపాలనే ఆలోచనే రాదు. డిఫయంట్ లాంటి మూసిన పొయ్యిలో సంగతి తిరగబడుతుంది. రెండడుగుల పొడవు దుంగలు పక్క తలుపులోంచి నింపి తలుపు మూసేస్తారు. ఇక ఆ కట్టె మన చేతిలో లేదు, రాత్రికి కావలసినదంతా ఒకేసారి లోపల పడి ఉంది. అది ఎంత వేగంగా కాలాలో చెప్పేది గాలి ఒక్కటే. కిలో ఎండు కట్టె పూర్తిగా కాలడానికి సుమారు 6 కిలోల గాలి కావాలి, అంటే 5 ఘనపు మీటర్లు. బరువులో చూసినా పొయ్యి తినేది కట్టె కన్నా గాలినే ఎక్కువ.

ఆ గాలిని లాగేది పొయ్యి కాదు, పొగగొట్టం. కొత్తగా కొన్నవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే. పొయ్యి మంచిదా చెడ్డదా అని అడుగుతారు గానీ గొట్టం సంగతి అడగరు. గొట్టంలో వేడి పొగ తేలిక, బయటి చలిగాలి బరువు. ఆ తేడానే లాగుడు. 6 మీటర్ల చిమ్నీ తీసుకోండి. లోపలి పొగ సగటున 250 డిగ్రీల సెల్సియస్‌లో ఉందనుకుందాం. బయట 20 డిగ్రీలున్న సాయంత్రం లెక్క కడితే, గొట్టంలో రాపిడి పక్కన పెడితే, సుమారు 31 పాస్కల్స్ లాగుడు వస్తుంది. అదే చిమ్నీ, అదే మంట, బయట మైనస్ 15 డిగ్రీల రాత్రి అయితే 41. చలి పెరిగేకొద్దీ మంట దానంతటదే ఎగదోసుకుంటుందన్నమాట. చిమ్నీ 9 మీటర్లయితే ఈ అంకెలు ఒకటిన్నర రెట్లవుతాయి. ఐరోపాలో ఇలాంటి పొయ్యిలను పరీక్షించేటప్పుడు పెట్టుకునే మామూలు లాగుడు 12 పాస్కల్స్ మాత్రమే. వాతావరణ పీడనంలో ఎనిమిది వేలో వంతు కూడా లేని ఆ కాస్త తేడాతోనే పొయ్యి బతుకుతుంది. అది రెండింతలు, మూడింతలైతే పొయ్యిని అదుపులో పెట్టడం కష్టమవుతుంది.

పైగా లాగుడు, మంట ఒకదాన్నొకటి ఎగసనదోస్తాయి. మంట పెరిగితే పొగ వేడెక్కుతుంది, పొగ వేడెక్కితే లాగుడు పెరుగుతుంది, లాగుడు పెరిగితే ఇంకా గాలి వస్తుంది. కట్టె స్వభావం దీనికి ఆజ్యం పోస్తుంది. ఎండు కట్టె బరువులో ముప్పాతిక వంతుకు పైగా వేడికి ఆవిరై బయటికొచ్చే వాయువులే. నిండుగా పేర్చిన పొయ్యిలో 250, 300 డిగ్రీలకు అవి అన్ని దుంగల నుంచీ ఒకేసారి రావడం మొదలైతే, అప్పుడు మూత మూసినా కట్టె వాయువు వదలడం వెంటనే ఆగదు. సన్నగా చీల్చిన పుల్లలూ, బాగా ఎండిన చెక్కపెట్టెల ముక్కలూ కడుపు నిండా కూరినవాళ్లకే సాధారణంగా ఈ అనుభవం ఎదురవుతుంది. దుంగలు లావుగా, కొన్ని మాత్రమే వేస్తే వాయువు వచ్చే తీరే నెమ్మదిగా ఉంటుంది. అన్ని అదుపుల్లోకీ చవకైనది ఇదే. ఏ మీటా తిప్పక్కర్లేదు.

ఈ ఎగసనదోపుకు ఎదురు నిలిచేదే వెనకనున్న చుట్ట. రెండు వేర్వేరు లోహాల రేకులను అంటించి చేసిన పట్టీ అది. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ సాగుతుంది, అందుకే పట్టీ వంగుతుంది. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ సముద్రయానానికి పనికొచ్చే గడియారం చేసే తపనలో, చలికీ వేడికీ గడియారం తప్పకుండా ఉండాలని ఇలాంటి పట్టీని కనిపెట్టాడు. మంటకు దానంతటదే అదుపు పెట్టాలన్న ఆలోచనైతే అంతకన్నా పాతది. హాలండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన కార్నీలియస్ డ్రెబెల్ 17వ శతాబ్దం మొదట్లోనే, వేడికి పైకి లేచే పాదరసంతో పొయ్యి దారి మూసే కొలిమి తయారుచేశాడు. కోడిగుడ్లు పొదిగించడానికి కూడా దాన్ని వాడాడు. 1830లో ఆండ్రూ యూర్ రెండు లోహాల పట్టీతో నడిచే పరికరానికి పేటెంటు తీసుకుని థర్మోస్టాట్ అని పేరు పెట్టాడు. డిఫయంట్ చేసినవాళ్లు కొత్త సూత్రమేదీ కనిపెట్టలేదు. ఉన్నదాన్ని ఎక్కడ అమర్చాలో, దానికి ఎంత చిన్న పని అప్పగించాలో తెలుసుకున్నారు. పనితనమంటే చాలాసార్లు అదే.

చుట్టకు ఒక బలహీనత ఉంది. అది మంటను చూడదు, ఇనుమును చూస్తుంది. ప్రతి 100 కిలోల పోత ఇనుమును 200 డిగ్రీలు వేడెక్కించడానికి అర కిలో పైచిలుకు ఎండు కట్టె వేడి కావాలి. ఆ ఇనుము వేడెక్కి, ఆ సెగ చుట్టకు తగిలి, చుట్ట తిరిగేలోపు లోపల మంట చాలా దూరం వెళ్లి ఉండవచ్చు. అందుకే కొత్త కట్టె వేసిన తర్వాత మీటను పూర్తిగా ఎత్తిపెట్టి, అన్నీ అదే చూసుకుంటుందిలే అని పైగదిలోకి వెళ్లిపోకూడదు. మంట నిలదొక్కుకునే దాకా మనిషి దగ్గరుండాలి. ఆ తర్వాతే చుట్ట కాపలా.

ఇంకొక అదుపు పొయ్యి కడుపులోనే ఉంది. పక్కన ఒక పిడి. దాన్ని ఒక వైపు వేస్తే లోపలి డ్యాంపర్, అంటే పొగ దారికి అడ్డు పలక, తెరుచుకుని పొగ నేరుగా గొట్టంలోకి పోతుంది. వెలిగించేటప్పుడూ, కట్టె వేయడానికి తలుపు తీసేటప్పుడూ ఇలా ఉండాలి, లేకపోతే పొగ గదిలోకి కొడుతుంది. పొయ్యి వేడెక్కాక పిడి రెండో వైపు వేస్తారు. ఇప్పుడు పొగకు పై దారి లేదు. అది కిందికి దిగి, అడ్డంగా తిరిగి, వెనక పలక చాటునున్న దారుల వెంట నడిచి, ఇనుముకు తన వేడి అప్పజెప్పి అప్పుడు గొట్టం చేరుతుంది. ఆ దారిలో పక్క రంధ్రం గుండా వచ్చే వేడి గాలి కలిసి, కాలకుండా మిగిలిన పొగలో కొంత అక్కడ కాలుతుంది. ఈ ఒక్క తిప్పుడుతో రెండు లాభాలు. గదికి సెగ ఎక్కువ, గొట్టానికి వేడి తక్కువ. గొట్టంలో పొగ చల్లబడింది కాబట్టి లాగుడూ తగ్గుతుంది. ఆ పిడి తిప్పడం మరిచిపోయి తెరిచి వదిలేసిన రాత్రి, డబ్బు పెట్టి కొన్న కట్టెంతా ఆకాశాన్ని వెచ్చబెడుతుంది, గొట్టం మాత్రం ఎర్రబడే దాకా వస్తుంది.

ఇంతవరకూ చెప్పిన తెలివంతా ఒక్క షరతు మీద నిలబడుతుంది. గాలి వెనక మూత గుండానే పోవాలి. ఇంకెక్కడ సందున్నా చుట్ట చేసే పని వృథా. డిఫయంట్ మీద నాకున్న గౌరవంలో సగం ఈ విషయంలో చూపిన శ్రద్ధకే. ఒకే ముద్దగా పోసిన పెట్టె కాదిది. విడివిడి పలకలుగా పోసి, ఒక పలక అంచు రెండో పలక గాడిలో కూర్చునేలా చేసి, గాడి నిండా ఫర్నేస్ సిమెంట్ పట్టించి, లోపల బిగింపు కడ్డీలతో అన్నిటినీ దగ్గరికి లాగి కట్టారు. ఇనుము వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. పలకలు విడిగా ఉండి గాడిలో కాస్త కదిలే వీలుంటే చిట్లవు. కదిలినా గాలి చొరబడకుండా సిమెంట్ కాస్తుంది. తలుపుల చుట్టూ గాడిలో తాడు. తలుపు మూసి పిడి తిప్పినప్పుడు ఆ తాడు నలిగి ఆనాలి. ఆ ఆనిన చప్పుడు మెత్తగా, బరువుగా ఉంటుంది. అరిగిపోయిన తాడున్న తలుపు ఇనుము మీద ఇనుము పడ్డట్టు ఖంగుమంటుంది. అలవాటైన చెవికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

కానీ సిమెంట్ శాశ్వతం కాదు. ఇరవై, ముప్పై చలికాలాలు సాగి ముడుచుకున్నాక గాడుల్లోంచి పెళ్లలుగా రాలిపోతుంది. తాడు గట్టిపడి గాజు ముక్కలా విరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు సందే కదా అనుకుంటాం. లెక్క చూడండి. తలుపు అంచు వెంట 40 సెంటీమీటర్ల పొడవున ఒక మిల్లీమీటరు సందుంటే, 12 పాస్కల్స్ లాగుడుకు గంటకు దాదాపు 4 ఘనపు మీటర్ల గాలి అందులోంచి లోపలికి పోతుంది. లాగుడు 30 పాస్కల్స్ అయితే 6 ఘనపు మీటర్లు. గంటకు కిలోకు పైగా కట్టెను కాల్చడానికి అది చాలు. అంటే వెనక మూత పూర్తిగా పడిపోయి ఉన్నా, చుట్ట తన ధర్మం తాను నిర్వర్తించినా, పొయ్యి చక్కగా మండుతూనే ఉంటుంది. పాత పొయ్యి మాట వినడం లేదని వాపోయేవాళ్లలో చాలామంది బాధకు మూలం ఇదే. వాళ్లు మీట తిప్పుతూనే ఉంటారు, గాలి వేరే తలుపు నుంచి వస్తూనే ఉంటుంది.

సందులు పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో ఈ పరీక్ష దగ్గరుండి చూశాను. పొయ్యిలో చిన్న మంట వేసి, డ్యాంపర్ తెరిచి, పూజగదిలోంచి ఊదుబత్తి తెచ్చి వెలిగించారు. ఆ కొసను అతుకుల వెంట నెమ్మదిగా నడిపించారు. పై పలక దగ్గర పొగ నిటారుగానే లేచింది. పక్క తలుపు కింది మూలకు వచ్చేసరికి నిటారు పొగ ఒక్కసారి అడ్డంగా వంగి, సూదిలా సన్నబడి, ఇనుములోకి దూరిపోయింది. బత్తిని అంగుళం ఇటు జరిపితే మళ్లీ నిలబడింది, అటు జరిపితే మళ్లీ దూరింది. సందు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సుద్దముక్కతో గీత గీసినంత కచ్చితంగా తేలింది. తలుపు తాడు సంగతి తేల్చడానికి ఇంకా సులువైన పని, కాగితపు నోటు తలుపు సందున పెట్టి మూసి లాగడం. ప్రతి చోటా కాస్త బిగువు తగలాలి. జారిపోయిన చోట తాడు పోయినట్టే. చల్లారిన పొయ్యిలో రాత్రిపూట బల్బు పెట్టి, గదిలో దీపాలార్పి చుట్టూ చూసినా పెద్ద సందులు మెరిసి కనిపిస్తాయి.

తాడు మార్చడం ఒక మధ్యాహ్నం పని. పాత తాడు పీకి, గాడి గీకి, సరైన మందం తాడు అంటుతో అంటించాలి. ఆ కాలపు తాళ్లలో కొన్నిటిలో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి పొడి పొడిగా గీకి దుమ్ము లేపకూడదు. అతుకుల సిమెంట్ సంగతి వేరు. పైపైన పూసిన సిమెంట్ మొదటి పెద్ద మంటకే రాలుతుంది. పొయ్యి మొత్తం విప్పి, ప్రతి గాడీ వైరు బ్రష్షుతో రుద్ది, కొత్త సిమెంట్ పట్టించి మళ్లీ బిగించాలి. మొదట చిన్న చిన్న మంటలతో దాన్ని ఆరబెట్టాలి. ఇది ఓపిక ఉన్నవాళ్ల పని. కానీ విప్పదీసి మళ్లీ కట్టగలిగేలా చేయడం కూడా ఈ పొయ్యి చేసినవాళ్ల మంచితనమే. వెల్డింగు చేసిన పెట్టెకు ఆ రెండో జన్మ ఉండదు.

మంట మితిమీరిన పొయ్యి ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మరిచిపోలేరు. చీకటి గదిలో ఇనుము మసక ఎరుపుగా కనబడటం మొదలయ్యేది సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఏ ఘన పదార్థమైనా దాదాపు అదే వేడికి వెలుగుతుందని జాన్ విలియం డ్రేపర్ 1847లో చూపించాడు. కాబట్టి పొయ్యి పలకో గొట్టమో ఎర్రబడిందంటే థర్మామీటరు అక్కర్లేదు, ఎంత వేడో అదే చెబుతోంది. ఇలాంటి పొయ్యి పైపలక మామూలుగా 200 నుంచి 370 డిగ్రీల మధ్య ఉంటే చాలు. పోత ఇనుము కరగడానికి 1150 డిగ్రీల దాకా పోవాలి గానీ, చెడిపోవడానికి అంత దూరం అక్కర్లేదు. పదే పదే ఎర్రబడే దాకా కాలిన పోత ఇనుము లోపలి నిర్మాణం మారి ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బింది మళ్లీ తగ్గదు. మొదట దెబ్బ తినేది లోపలి వెనక పలక. అది వంగితే డ్యాంపర్ సరిగా మూసుకోదు. డ్యాంపర్ మూసుకోకపోతే లాగుడు తగ్గదు. అలా ఒక తప్పు ఇంకో తప్పును పిలుచుకొస్తుంది.

ఎర్రబడిన వేళ చేయాల్సింది తక్కువ. గాలి దారులన్నీ మూయాలి, తలుపు తీయకూడదు, నీళ్లు అసలు పోయకూడదు. వేడి పోత ఇనుము మీద నీళ్లు పడితే పగులుతుంది, ఆవిరి మొహం మీదికొస్తుంది. చిమ్నీలో తారులా పేరుకున్న క్రియోసోట్ అంటుకుని హోరుమని చప్పుడు మొదలైతే పొయ్యి సంగతి వదిలేసి అందరినీ బయటికి పంపి అగ్నిమాపక దళాన్ని పిలవాలి. గాలి మూసి మంట నెమ్మదించాక కూడా తొందరపడి తలుపు బార్లా తీయకూడదు. లోపల పోగైన వాయువుకు ఒక్కసారి గాలి తగిలితే భగ్గుమని పొగ, నిప్పురవ్వలు గదిలోకి కొడతాయి. ముందు డ్యాంపర్ తెరిచి, తలుపు వేలెడంత తీసి, క్షణం ఆగి అప్పుడు తీయాలి.

పొయ్యి సక్రమంగా ఉండి, గొట్టమే మరీ ఎత్తయితే ఏం చేయాలి? దీనికి గొట్టంలో పెట్టే చేతి డ్యాంపర్ ఉంది. రంధ్రాలున్న గుండ్రటి ఇనుప బిళ్ల, బయట స్ప్రింగు పిడి. పావు వంతు తిప్పితే గొట్టానికి అడ్డం నిలుస్తుంది. రంధ్రాలూ అంచు సందులూ పొగకు కాస్త దారి ఉంచుతాయి. పొయ్యి చేతిలో లేని పెద్ద లాగుడును ఇది కోస్తుంది. కొందరు గొట్టానికి బరువుతో ఊగే రేకు తలుపు పెడతారు. లాగుడు ఎక్కువైతే అది తెరుచుకుని గదిలోని గాలిని గొట్టంలోకి వదులుతుంది. చమురు ఫర్నేసుకూ బొగ్గు పొయ్యికీ ఇది మంచిదే. కట్టెల పొయ్యికి నాకు నచ్చదు. చల్ల గాలి కలిసి గొట్టంలో క్రియోసోట్ ఎక్కువ పేరుకుంటుంది. అదే క్రియోసోట్ అంటుకున్న రోజున ఆ ఊగే తలుపే మంటకు గాలి అందిస్తుంది. ఒక చేత్తో లాగుడు తగ్గించి ఇంకో చేత్తో ప్రమాదం పెంచే పరికరం పొయ్యి మీద ఎందుకు?

చుట్టను ఇంతగా పొగిడాక దాని మచ్చ కూడా చెప్పాలి. పొయ్యి బాగా వేడెక్కి, నిండా కట్టె ఉన్నప్పుడు మూత దాదాపు పూర్తిగా పడిపోతుంది. గది వెచ్చగానే ఉంటుంది, కట్టె తెల్లవార్లూ వస్తుంది, కానీ లోపల మంట ఆరి పొగగా ఉడుకుతుంది. ఆ పొగ చిమ్నీలో తారులా పేరుకుంటుంది, మిగతాది ఊరి మీద పడుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1988లో కొత్త కట్టెల పొయ్యిలకు పొగ పరిమితులు పెట్టింది. 1990 నుంచి క్యాటలిస్టు (పొగ కాలడానికి తోడ్పడే ఉత్ప్రేరకం) లేని పొయ్యికి గంటకు 7.5 గ్రాములు, క్యాటలిస్టు ఉన్నదానికి 4.1. 2020 నుంచి 2 గ్రాముల స్థాయికి బిగించింది. పాత డిఫయంట్ ఆ గీతల్లో ఇమడదు. ఒరెగాన్ రాష్ట్రంలోనైతే ఇల్లు అమ్మేటప్పుడు పొగ పరిమితులకు లోబడినట్టు ధ్రువీకరణ లేని పొయ్యి తీసేయాలని 2010 నుంచి చట్టమే ఉంది. చుట్ట మాత్రం ఓడిపోలేదు. బ్లేజ్ కింగ్ వంటి తయారీదారులు అదే రెండు లోహాల చుట్టకు క్యాటలిస్టును జతచేసి ఈనాటికీ పొయ్యిలు చేస్తున్నారు. కొత్త డిఫయంట్‌లో కూడా చుట్ట ఉంది. మారింది దాని వెనక పొగను కాల్చే ఏర్పాటు.

బోస్టన్ చుట్టుపక్కల, న్యూ హ్యాంప్‌షైర్‌లోని నాషువా వైపు ఇళ్లు కొంటున్న తెలుగు కుటుంబాలకు పాత ఇంటితోపాటు ఇలాంటి పొయ్యి కూడా దక్కుతుంటుంది. కొందరు దాని మీద పూలకుండీ పెట్టి వదిలేస్తారు. 2008 డిసెంబరు మంచు తుఫానులో న్యూ హ్యాంప్‌షైర్‌లో లక్షలాది ఇళ్లకు కరెంటు పోయి, కొన్ని చోట్ల వారం దాటినా రాలేదు. అలాంటి వారం ఇంకోసారి వస్తే అప్పటికప్పుడు పూలకుండీ పక్కన పెట్టి కట్టె నింపేయడం కన్నా ప్రమాదం ఇంకొకటి లేదు. ముందుగానే చిమ్నీ పనివాణ్ణి పిలవండి. ఏడాదికొకసారైనా చూపించాలని అక్కడి అగ్ని భద్రతా నియమాలే చెబుతున్నాయి. భద్రతా పరీక్ష ముద్ర లేని పొయ్యికి మండే గోడ 36 అంగుళాల దూరంలో ఉండాలి, అది కొలిపించండి. ఊదుబత్తి మీ ఇంట్లో ఎలాగూ ఉంటుంది. వెనక్కి వెళ్లి గొలుసు చిక్కుకోకుండా ఆడుతోందో లేదో, మూత బూడిద పట్టి బిగుసుకోకుండా తన బరువుకు తాను పడుతోందో లేదో వేలితో ఎత్తి వదిలి చూడండి. ఇవన్నీ సరిగా ఉంటే ఆ పొయ్యి ఇంకొక తరం పనిచేస్తుంది. వెనక పలక వంగిపోయి, అతుకులు విడిపోయి, బాగుచేసే ఓపిక మీకు లేకపోతే మాత్రం మొహమాటపడకండి, పాత ఇనుముకు వేసి కొత్తది పెట్టించుకోండి.